చిన్న చేతులతో పియానో

పియానో నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. తార్నాకలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "మేడమ్, రోజుకు ఎన్ని గంటలు ప్రాక్టీస్ చెయ్యాలి?" ఓ అంకె చెబితే సంతోషంగా రాసుకుని పోతారు. నేను చెప్పను. చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. అవి అడగాలని వాళ్ళకింకా తెలియదు.

కచేరీలు మానేశాక తీరిక దొరికింది గనుక అవే ఇక్కడ రాస్తున్నాను. ఎక్కడెక్కడ వాయించానో, ఎవరెవరు శాలువాలు కప్పారో ఇందులో ఉండదు. ఈ పని నాకు ఎలా అబ్బింది, ఎక్కడ దెబ్బ తిన్నాను, పడిపోబోతుంటే ఎవరు పట్టుకున్నారు, అంతవరకే రాస్తాను. అందులో ఎక్కువ భాగం అరవైల చివరి మూడు నాలుగేళ్ళలోనే జరిగిపోయింది. ఆ తరవాతి జీవితమంతా ఆ ఏళ్ళలో నేర్చినదాన్ని ఖర్చు పెట్టుకుంటూ గడిపాను.

ప్రార్థన గదిలో

మాది అనంతపురం వైపు. నాయనకు యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే ఉద్యోగం రావడంతో హైదరాబాదు వచ్చాం. తార్నాకలో సత్తెమ్మ గారింట్లో మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాం. సత్తెమ్మ గారికి పెరట్లో రెండు బర్రెలు, కింద వాటాలో నిండుగా చుట్టాలు. ఆమెను నేను పెద్దమ్మా అనేదాన్ని. అమ్మ అక్కా అనేది. ఆమెకు మాత్రం నాయన "సారు", అమ్మ "చెల్లె", నేను "బిడ్డ".

నన్ను కాన్వెంటు స్కూల్లో వేశారు. రోజూ పొద్దున ప్రార్థన పాటకు డోరతీ మిస్ పియానో వాయించేది. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్ మనిషి. తండ్రి ఇంజిన్ డ్రైవరు. ఆయన పోయాక చెల్లెలితో కలిసి అక్కడే, దగ్గరలో ఒక పాత ఇంట్లో ఉండేది. అప్పటికి యాభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, పూల గౌను, మోకాళ్ళ నొప్పులు.

ఒకరోజు ప్రార్థన అయిపోయి పిల్లలందరూ తరగతులకు వెళ్ళిపోయారు. నేను పియానో దగ్గరే నిలబడ్డాను. నాకప్పుడు పదకొండేళ్ళు.

"క్లాస్‌కు పోవా, చైల్డ్?" అంది మిస్.

"ఆ చివరి మెట్టు ఒక్కసారి నొక్కుతాను మిస్."

"నొక్కు."

ఎడమ వైపు చిట్టచివరి మెట్టు నొక్కాను. బరువైన శబ్దం లేచి, గదంతా నిండి, మెల్లగా సన్నబడుతూ పోయింది. అది పూర్తిగా ఆగిపోయేదాకా నేను వేలు తియ్యలేదు. చాలాసేపే పట్టింది. తల ఎత్తి చూస్తే మిస్ నన్నే చూస్తోంది.

"రేపు మీ మదర్‌ను మా ఇంటికి తోలుకరా," అంది.

అమ్మ వీణ వాయించేది. నాకూ వీణే నేర్పాలని ఆమె ఆశ. "ఆ పెట్టె నేర్చుకుని ఏం జేస్తావే? పెండ్లిలో వాయిస్తావా, పండగలో వాయిస్తావా?" అంటూనే మర్నాడు నాతో వచ్చింది. మిస్ ఇంట్లో ఒక పిల్లకు పాఠం జరుగుతుంటే గోడవారగా కూర్చుని ఆసాంతం విన్నది. ఇంటికి నడిచి వస్తూ దారిలో ఒకే మాట అంది: "ఆ సంగీతం నాకు తెలియదు గాని, ఆయమ్మ దగ్గర శ్రద్ధ ఉండాది. పో, నేర్చుకో."

పదకొండో ఏట మొదలుపెట్టడం ఈ విద్యకు చాలా ఆలస్యం. అయిదారేళ్ళకే కూర్చోబెడతారు. ఆ వెనకబాటు నన్ను చాలా ఏళ్ళు తరిమింది. ఆలస్యంగా మొదలుపెట్టిన వాళ్ళు నాలాగే తొందరపడతారు. ఆ తొందర ఏం చేసిందో తరవాత చెబుతాను.

ఇంట్లో లేని వాయిద్యం

మా ఇంట్లో పియానో లేదు. కొనే ప్రశ్నే రాలేదు. వారానికి రెండు రోజులు మిస్ ఇంట్లో పాఠం, మిగతా రోజుల్లో బడి ముగిశాక ప్రార్థన గదిలో కాసేపు. ఇంట్లో భోజనాల బల్ల అంచు మీద వేళ్ళు ఆడించేదాన్ని.

"ఏంది బిడ్డా, పైన పొద్దుమాపు గా టకటక? ఎలుకలు వడ్డయా?" అని కింద నుంచి సత్తెమ్మ పెద్దమ్మ కేక.

"ప్రాక్టీసు పెద్దమ్మా!"

"బల్ల మీద వాయిస్తె బల్లనే మోగుతది గదనే!"

నేను బి.ఏ.లో చేరేనాటికి నాయన ఒక దారి కనిపెట్టాడు. క్యాంపస్‌లో ఒక పాత సభామందిరం ఉండేది. దాని వేదిక మీద, మందపాటి గుడ్డ కింద, ఎవరూ ముట్టని పెద్ద పియానో ఒకటి. హాలు చూసుకునే ప్రొఫెసరు దగ్గరికి నన్ను తీసుకుపోయి నాయన అడిగాడు. ఆయన గుడ్డ ఎత్తి చూశాడు. "వాయించకపోతే దీనికి చెదలు పడుతుంది. వాయిస్తే నీకూ మంచిది, దీనికీ మంచిది," అని పొద్దుటిపూట వాడుకోవడానికి ఒప్పుకున్నాడు.

ఆ పియానో నాకు దొరికిన గొప్ప అదృష్టమని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం రోజూ ఏడిపించేది. వానాకాలం వస్తే నడిమి మెట్లు రెండు నొక్కితే లేచేవి కావు. పై స్వరాలు గాజుపెంకుల్లా పలికేవి. స్వరాన్ని సాగదీసే పెడల్ తొక్కితే కిర్రుమనేది. మిస్ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను.

"అందులో వాయిస్తే వచ్చింది కూడా పోతుంది మిస్."

మిస్ టీ తాగుతూ అంది: "ఫిడేలు ఆయన ఫిడేలు సంకల పెట్టుకొని పోతడు. నువ్వు పియానో యాడ పెట్టుకొని పోతవ్? రైల్ల పడుతదా? పోయిన ఊర్ల ఏది ఉంటే అదే నీది. జనాలకు చెప్పుకుంటవా, పియానో మంచిగ లేదు, మాఫ్ చేయున్రి అని?"

ఆ మరుసటి రోజు పొద్దున ఆమె లాలాగూడ నుంచి రిక్షాలో హాలుకు వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. ఏ పాఠమూ చెప్పలేదు. కింది నుంచి పైదాకా ఒక్కో మెట్టూ మెల్లగా నొక్కమంది. ఏది మొండిది, ఏది ఆలస్యంగా పలుకుతుంది, దేనికి ఎక్కువ బరువు కావాలి, అన్నీ విని గుర్తుపెట్టుకోమంది. "కొత్త ఇంటికి పోతే ముందు మనుషులను చూస్తం గదా. గట్లనే," అంది.

ఈ మాట ఎంత నిజమో ఈ పనిలో పడ్డాక తెలిసింది. తరవాత ఎన్నో ఊళ్ళలో, క్లబ్బుల్లో, చర్చిల్లో, హోటళ్ళలో రకరకాల పియానోల ముందు కూర్చున్నాను. మంచివి తక్కువ. ఒకచోట పెడల్ అసలే పనిచెయ్యలేదు. నిర్వాహకుడికి ఆ సంగతి తెలుసు, చెబితే రానేమోనని దాచాడు. కోప్పడటానికి టైము లేదు. పెడల్ లేకుండా వేళ్ళతోనే స్వరాన్ని స్వరానికి అంటిస్తూ వాయించాను. పియానిస్టులు కాబోయే పిల్లలకు ఇది ముందే చెప్పాలి: మీ వాయిద్యం మీది కాదు. ప్రతి ఊళ్ళో పరాయి వాయిద్యంతో ఒక పూటలో స్నేహం చేసుకోవాలి. ఆ ఓపిక లేకపోతే ఇంకో వాయిద్యం ఎంచుకోండి.

కుడిచెయ్యి

ఏడాదికోసారి విదేశం నుంచి ఒక పరీక్షకుడు వచ్చి పిల్లల్ని పరీక్షించి వెళ్ళేవాడు. నేను పెద్ద గ్రేడు పరీక్షకు వెళ్ళిన ఏడు వచ్చినాయన మంచి మనిషే. శ్రద్ధగా విన్నాడు, మంచి మార్కులే వేశాడు. కాని బయటికి వచ్చి మిస్‌తో అన్న మాట తలుపు పక్కన ఉన్న నాకు వినబడింది: "చాలా చక్కగా వాయిస్తుంది. పాపం, ఆ చేతులతో వేదిక ఎక్కడం కష్టం. పిల్లలకు నేర్పుకోవచ్చు."

నా చేతులు చిన్నవి. పియానో మీద కింది సా నుంచి పై సా దాకా బొటనవేలూ చిటికెనవేలూ చాపితే అంచులకు అందీ అందనట్టు అందుతుంది. పెద్ద పెద్ద కచేరీ రచనల్లో అంతకన్నా ఎడంగా ఉన్న స్వరాలు ఒక్కసారిగా పట్టుకోవాలి.

ఆ మాట నన్ను తినేసింది. మిస్‌కు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. మధ్యాహ్నాలు గది తలుపు వేసుకుని కుడిచేతి వేళ్ళ సందుల్లో చెక్కముక్కలు దూర్చి, గుడ్డతో బిగించి కట్టుకునేదాన్ని. కొన్నాళ్ళు పోతే చెయ్యి సాగుతుందనుకున్నాను. నొప్పి వస్తే సాగుతోంది కాబోలని సంబరపడ్డాను. ఒకరోజు అన్నం కలుపుకోబోతే బొటనవేలు కదల్లేదు. మణికట్టు నుంచి మోచేతి దాకా మంట.

అమ్మ చూసింది. "ఏమ్మే, చెయ్యి ఇట్ల తే," అని పట్టుకుంది. వాపు చూసి ముఖం పాలిపోయింది. "ఇంత నొప్పి పెట్టుకుని చెప్పకుండా ఎట్లుంటివే?"

అప్పుడు ఏడుస్తూ అంతా చెప్పాను. అమ్మ తిట్టలేదు. నువ్వుల నూనె వెచ్చజేసి నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చుంది. కాసేపటికి తన ఎడమచేతి వేళ్ళు చూపించింది. వీణ తీగల మీద ఏళ్ళ తరబడి పడిన గాడులు. "ఇవి పడేదానికి నాకెన్నేండ్లు పట్టిందో తెలుసునా? తొందరగా పడాలని కత్తితో గీసుకుంటిమా?" అంది.

డాక్టరు నరాల చుట్టూ వాచిందన్నాడు. నెలల తరబడి కుడిచేతికి పని చెప్పకూడదన్నాడు. ఇక పియానో లేదనుకున్నాను. పాఠం రోజు వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చుంటే సాయంత్రానికి మిస్ రిక్షా దిగింది. మేడ మెట్లు ఎక్కలేక కింద సత్తెమ్మ పెద్దమ్మ అరుగు మీద కూర్చుని నన్ను పిలిపించింది.

"క్లాస్‌కు ఎందుకు రాలేదు?"

కట్టు కట్టిన చెయ్యి చూపించాను. ఆమెకు అప్పటికే సంగతి తెలుసు, అమ్మ కబురు చేసింది.

"ఎడమ చెయ్యి ఉన్నదా లేదా?"

"ఉంది మిస్."

"చెవులు?"

"ఉన్నాయి."

"రేపు రా." గొంతు తగ్గించింది. "ఆయన అన్నది నేనూ విన్న. ఆయన నీ చెయ్యి చూసిండు. నేను నీ చెయ్యి రోజూ చూస్తున్న. అది ఎంత ఉన్నదో అంతనే ఉంటది, మై గర్ల్. చేతి బొక్కలు సాగవు. ఏది వాయించాలె, ఎట్ల వాయించాలె అన్నది మన చేతుల్ల ఉన్నది. అది చూద్దాం."

సత్తెమ్మ పెద్దమ్మ పాలు కాచి తెచ్చింది. ముగ్గురం అరుగు మీద కూర్చుని తాగాం.

ఆ నెలలన్నీ ఎడమచేత్తోనే పాఠం. మామూలుగా ఎడమచెయ్యి నౌకరు, కుడిచెయ్యి దొర. పాట కుడిచేతిది, ఎడమది తోడు. తోడును ఒంటరిగా వాయిస్తుంటే అదీ ఒక పాటేనని మొదటిసారి వినిపించింది. కుడిచేతి పాటను మిస్ సన్నగా కూనిరాగం తీసేది. మిగిలిన సమయంలో నొటేషన్ పుస్తకాలు చదివించేది. వాయించకుండా, కళ్ళతో చూసి లోపల వినమనేది. ఎడంగా ఉన్న స్వరాలు వచ్చినప్పుడు ఒకదాని వెంట ఒకటి ఎలా జారవిడవాలో, ఏ స్వరం వదిలేస్తే వినేవాళ్ళకు లోటు తెలియదో, ఏది వదిలితే ఇల్లే కూలుతుందో కూర్చోబెట్టి చెప్పింది. నాకు సరిపడే రచనలు ఏరింది. పాతకాలపువి, సన్నని పనితనం ఉన్నవి. జీవితమంతా నేను వాయించినవి ఎక్కువ అవే.

చెయ్యి నయమైంది. పిల్లలూ, నొప్పి వస్తే ఆపండి. నొప్పి పడుతూ వాయించడం గొప్ప అని ఎవరైనా చెబితే, ఎంత పెద్దవాళ్ళయినా సరే, నమ్మకండి.

మొదటి కచేరీ

మరుసటి ఏడు నా తొలి కచేరీ అనుకున్నాం. నేనొక్కదాన్నే, సాయంత్రమంతా. క్యాంపస్ సభామందిరంలో, నేను మచ్చిక చేసుకున్న ఆ పియానో మీదే. ప్రొఫెసరు గారు ఒప్పుకున్నారు. అమ్మ ధర్మవరం చీర తీసి పెట్టింది.

అంతలో తెలంగాణ ఉద్యమం. అరవై తొమ్మిది. క్యాంపస్‌లో రోజూ ఊరేగింపులు, తరవాత కాలేజీలు మూసేశారు. సభామందిరానికి తాళం పడింది. బస్సులు ఒకరోజు నడిస్తే రెండు రోజులు లేవు. మా వైపు నుంచి వచ్చి ఉద్యోగాలు చేస్తున్న కుటుంబాలు కొన్ని సామాన్లు సర్దుకుంటున్నాయి. నాయన కూడా ఒక సాయంత్రం, "మీరిద్దరూ కొన్నాళ్ళు ఊరికి పోయి రండి. నేనుంటాను," అన్నాడు.

అమ్మ బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే, "పోయేది లేదు. పిల్లది ఇన్నేండ్ల పని ఉండాది," అంది.

ఆ మాటలు కిందికి ఎలా చేరాయో, సత్తెమ్మ పెద్దమ్మ ఆయాసపడుతూ మేడెక్కి వచ్చింది. ఆమె మేనల్లుడు, తమ్ముడి కొడుకు, అప్పటికే ఊరేగింపులో పట్టుబడి జైల్లో ఉన్నాడు.

"సారూ, సామాన్లు గట్టుకుంటున్నరంట?"

"లేదమ్మా, ఊరికే అనుకుంటున్నాం."

"ఇగో, ఉన్నమాట చెప్త. మా పిల్లలకు నౌకరీలు రావాలె. గది న్యాయమే, నేనూ అదే అంట. నా అల్లుడు జైల్ల ఉన్నడు, నాకు బాధ ఉండదా? గని నా ఇంట్ల ఉన్నోళ్ళు నా మనుషులు. ఎవడన్న ఏమన్న అంటె నా తాన చెప్పుర్రి." అని నా వైపు తిరిగింది. "ఏంది బిడ్డా, నాలుగొద్దులాయె, బల్ల సప్పుడు గూడ లేదు? ఇల్లు బోసిపోయింది. వాయించు."

వాయించాను. బల్ల మీదే.

సభామందిరం లేదు గనుక మిస్ తన దారి తాను చూసింది. లాలాగూడ రైల్వే వాళ్ళ క్లబ్బు హాలు అడిగి పుచ్చుకుంది. అక్కడొక నిలువు పియానో ఉంది, పండగలకు డాన్సులకు వాడేది. నేను మూడు సాయంత్రాలు వెళ్ళి దాని మెట్లన్నీ ఒక్కొక్కటే పలకరించి వచ్చాను.

కచేరీ రోజు బస్సుల్లేవు. తార్నాక నుంచి సందుల్లో పడి నడిచాం. అమ్మ, నాయన, నేను, మాతో సత్తెమ్మ పెద్దమ్మ. ఒక మలుపులో కుర్రాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు.

"యాడికి?" అన్నాడు ఒకడు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. పెద్దమ్మ ముందుకు పోయి, "మా బిడ్డ వాయిస్తది లాలగూడల. ఇననీకి వోతున్నం. నువ్వొస్తవా?" అంది.

వెనక నుంచి ఒకతను వచ్చి నాయనకు నమస్కారం పెట్టాడు. నాయన దగ్గర ఎమ్మెస్సీ చదువుతున్న విద్యార్థి. గొంతు బొంగురుపోయి ఉంది, రోజంతా నినాదాలిచ్చి ఉంటాడు. "నేను అక్కడిదాక వస్త సార్, నడువుండ్రి," అని రైల్వే గేటు దాకా మా పక్కనే నడిచాడు. దారంతా నాయనా అతనూ ఆగిపోయిన పరీక్షల గురించి మెల్లగా మాట్లాడుకున్నారు. గేటు దగ్గర నాయన అతని భుజం తట్టాడు. అతను వెనక్కి వెళ్ళిపోయాడు.

హాల్లో రిటైరైన డ్రైవర్లు, వర్క్‌షాపు కుటుంబాలు, చర్చి పాటల బృందంలోని ఆడవాళ్ళు. కుర్చీలు దాదాపు నిండాయి. ముందు వరసలో చివరి కుర్చీలో మిస్.

మొదటి రచన బాగా జరిగింది. రెండోది ఒక సొనాటా, మూడు నాలుగు భాగాలుగా సాగే రచన. అందులో నెమ్మదిగా సాగే భాగంలో ఒకే పాట రెండుసార్లు వస్తుంది. మొదటిసారి ఒక దారిన పోతుంది, రెండోసారి ఇంకో దారిన. నేను రెండోసారి కూడా మొదటి దారే పట్టాను. నాలుగడుగులు వేశాక అర్థమైంది, ఇక్కడ దారి లేదని. కుడిచెయ్యి మెట్ల మీదే ఆగిపోయింది. తల ఖాళీ. వేదిక మీద మరిచిపోవడం అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. కాలికింద నేల ఉందో లేదో కూడా తెలియదు.

ఎడమచెయ్యి మాత్రం ఆగలేదు. నెలల తరబడి ఒంటరిగా నడిచిన చెయ్యి గనుక దానికి కుడిచేతితో పనిలేదు. అది తన పాట తాను మెల్లగా వాయించుకుంటూ పోతోంది. నేనూ హాల్లో వాళ్ళలాగే కూర్చుని దాన్ని విన్నాను. కొంతసేపటికి అది నాకు తెలిసిన మలుపుకు వచ్చింది. అక్కడ కుడిచెయ్యి వచ్చి కలిసింది. చివరిదాకా వెళ్ళాం.

చప్పట్లు మోగాయి. నాకు మాత్రం మిస్ ముఖం చూడాలంటే భయం. అంతా అయ్యాక పక్కగదిలోకి ఆమే వచ్చింది.

"మిస్, నేను..."

"తప్పు వోయింది. విన్న. తరవాత నువ్వేం చేసినవో అది కూడ విన్న." నా తడి చేతులు రెండూ తన గౌను అంచుతో తుడిచింది. "మరచిపోనోళ్ళు ఎవ్వరూ లేరు. ఆగిపోతరా, నడుస్తరా, గంతే తేడా. పో, మీ మదర్ తాన పో."

అమ్మ కొంగుతో నా నుదురు అద్దింది. సత్తెమ్మ పెద్దమ్మ మాత్రం దారంతా చెబుతూనే ఉంది: "అన్నీ మంచిగున్నయ్ గని, గా నడిమిట్ల ఒక్క చేతితోని వాయించినవ్ చూడు, గదే మస్తుండె. కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. ఇంకొన్ని గసుంటివి పెట్టు బిడ్డా."

నాయన పగలబడి నవ్వాడు. ఆ నెలల్లో ఆయన అలా నవ్వడం అదే మొదలు.

వెనక రావద్దు

ఆ కచేరీ చూసినవాళ్ళ నోట విని, బొంబాయి నుంచి వచ్చిన ఒక వృద్ధ వయొలినిస్టు నాకు కబురు పెట్టాడు. ఆయనతో వాయించే పియానిస్టు జబ్బు పడ్డాడు. సికింద్రాబాదులో కచేరీ ఉంది. రిహార్సల్ మిస్ ముందుగదిలోనే.

ఆయన ఎక్కడ ఆగితే అక్కడ ఆగాను, ఎక్కడ పరుగెత్తితే అక్కడ పరుగెత్తాను. నీడలా ఉన్నానని నాకే గర్వం. ఆయన విల్లు దించాడు. "అమ్మాయ్, చాలా బాగా వెంబడిస్తున్నావు. అదే ఇబ్బంది. నా వెనక రావద్దు, నాతో రా. నేను తప్పు దారిన పోతుంటే చెయ్యి పట్టుకుని లాగు," అన్నాడు.

అప్పటికి అర్థం కాలేదు. కచేరీలో ఆయన ఒకచోట మరీ తొందరపడ్డాడు. నేను నా నడక మార్చలేదు. ఆయన ఒక్కసారి నావైపు చూసి, నవ్వి, నా నడకలోకి వచ్చాడు. చివర వంగి నమస్కరించేటప్పుడు నన్ను ముందుకు నెట్టాడు. ఈ పనిలో నాకు దొరికిన యజమానులందరిలో ఆయనే మొదటివాడు, ఉత్తముడు. తరవాత నన్ను బొంబాయిలో ఒక గురువుగారి దగ్గరికి పంపిందీ ఆయనే. కొన్నేళ్ళు ఇక్కడికీ అక్కడికీ తిరిగి నేర్చుకున్నాను.

అందరూ ఆయనలా ఉండరు. ఒక క్లబ్బు కార్యదర్శి నన్ను వాయించడానికి పిలిచి, అతిథులు మాట్లాడుకోవడానికి ఇబ్బందిగా ఉందని శబ్దం తగ్గేలా పియానో పైమూత దించేశాడు. నేను వాయించాను. అలాంటివి ఎన్నో వాయించాను. ఏకాంత కచేరీలు మన దేశంలో ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మిగతాదంతా గాయకులకు తోడు, వయొలిన్లకు తోడు, చర్చి, బడి, పాఠాలు. ఈ పని ఇదే. తోడు వాయించడం తక్కువ అనుకునేవాళ్ళు ఇందులోకి రావద్దు.

బొంబాయి బండి

మిస్ చెల్లెలు పెళ్ళి చేసుకుని ఆస్ట్రేలియా వెళ్ళింది. అక్కను కూడా రమ్మని పట్టుపట్టింది. లాలాగూడలోని ఆంగ్లో ఇండియన్లందరూ ఒక్కొక్కరే వెళ్ళిపోతున్న రోజులవి. మోకాళ్ళు బాగా పాడయ్యాయి, ఒంటరిగా ఉండలేదు. చివరికి సరేనంది.

వెళ్ళేముందు పాఠానికి వచ్చే నలుగురు పిల్లల్ని పిలిచి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరికి ఏది రాదో, ఎవరికి ఏమంటే భయమో వాళ్ళ ముందే చెప్పింది. పిల్లలు సిగ్గుపడ్డారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం ఏడవలేదు.

సికింద్రాబాద్ స్టేషన్‌కు నేనూ అమ్మా వెళ్ళాం. మిస్ బొంబాయి బండెక్కి, అక్కడినుంచి ఆస్ట్రేలియా పోవాలి. సామాను తక్కువే, రెండు పెట్టెలు. ముసలి కూలీ ఒకాయన వాటిని బెర్తు కింద సర్ది, మిస్‌కు చెయ్యి ఆసరా ఇచ్చి బోగీలోకి ఎక్కించాడు. ఆమె నా చెయ్యి వదలకపోవడం చూసి అడిగాడు:

"బిడ్డనా అమ్మా?"

నేను ఆమె ముఖంలోకి చూశాను. నా స్టూడెంట్ అంటుందనుకున్నాను. ఎన్నో ఏళ్ళుగా అందరికీ అలాగే చెప్పేది.

మిస్ కాస్త ఆలోచించి అంది: "కాదు భాయ్. మేమిద్దరం ఒకటే పని చేస్తం."

ఆయన తల ఊపి దిగిపోయాడు. మిస్ కిటికీ పక్కన కూర్చుని చేతిసంచి ఒళ్ళో సర్దుకుంది. నేను ప్లాట్‌ఫారం మీద కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. బండి కదిలాక కూడా కొంతదూరం పక్కన నడిచాను. ఆమె, "చాలు, చాలు, పడిపోతవ్," అంటూ చెయ్యి ఊపింది.

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరం బస్సెక్కి తార్నాక వచ్చాం. మర్నాడు ఆ నలుగురు పిల్లలూ లాలాగూడ క్లబ్బు హాల్లో నా దగ్గరికి మొదటి పాఠానికి రావాలి. నేను స్నానం చేసి, వాళ్ళ పుస్తకాలు ముందు వేసుకుని కూర్చున్నాను.